కంప్రెసర్ మార్చినా బండి ముందు మూల కూర్చుంటోందా? 4 లక్షలు కట్టే ముందు

నమస్తే అండి. మీరు రాసిందాన్ని బట్టి విషయం ఇదీ. మీది టెక్కలి, గ్రానైట్ వ్యాపారం. 2014 మోడల్ మెర్సిడెస్ జీఎల్ 350 సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, లక్షా పాతిక వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే చూస్తే ముందు ఎడమ మూల కిందికి దిగి ఉంటోంది, స్టార్ట్ చేస్తే కాసేపటికి మళ్లీ లేస్తోంది. శ్రీకాకుళంలో ఒక గ్యారేజీ కంప్రెసర్ మార్చింది. రెండు నెలలు బాగానే ఉండి మళ్లీ మొదలైంది. మొన్న క్వారీ దారిలో మీటరు మీద ఎర్రగా ‘స్టాప్, వెహికల్ టూ లో’ అని వచ్చింది. విశాఖలో ఎయిర్ సస్పెన్షన్ (ఉక్కు స్ప్రింగుల బదులు గాలి మీద బండిని నిలబెట్టే ఏర్పాటు) పనులే చేసే గ్యారేజీకి తీసుకెళ్తే స్కానర్ పెట్టి చూసి, ముందు స్ట్రట్లు రెండూ, కంప్రెసర్, వాల్వ్ బ్లాక్ అన్నీ పోయాయని దాదాపు 4 లక్షల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. కట్టేయాలా, మామూలు కాయిల్ స్ప్రింగులు వేయించుకోవాలా, వచ్చిన రేటుకి బండి అమ్మేయాలా అన్నది మీ ప్రశ్న.

నాకు విజయనగరంలో చిన్న మల్టీబ్రాండ్ వర్క్‌షాప్ ఉంది. అంతకుముందు చాలాకాలం జర్మన్ కార్ల సర్వీసులో టెక్నీషియన్‌గా చేశాను. ఎయిర్ స్ట్రట్ల పని మా దగ్గర ఒప్పుకోం, ఎత్తు క్యాలిబ్రేషన్‌కి, అంటే బండి ఎత్తును కంప్యూటర్‌లో సరిగ్గా సెట్ చేయడానికి కావాల్సిన సరంజామా మా దగ్గర లేదు. అలాంటి బండి వస్తే లీకు ఎక్కడుందో పట్టుకుని, కాగితం రాసిచ్చి విశాఖ పంపిస్తాం. కాబట్టి ఈ రకం ఎస్టిమేట్లు చదవడం నాకు అలవాటే, మీరు ఎక్కడ చేయించుకున్నా నాకొచ్చేదీ పోయేదీ ఏమీ లేదు.

ఆ 4 లక్షలు ఇప్పుడే కట్టొద్దు. ఆ గ్యారేజీ మోసం చేస్తోందని నేననడం లేదు. వాళ్లు రాసిన పార్టులన్నీ నిజంగానే పోయి ఉండొచ్చు కూడా. కానీ పోయాయని మీకు ఎవరూ చూపించలేదు. గాలి ఎక్కడ పోతోందో స్కానర్ చెప్పదు. ఫలానా మూల ఎత్తు తక్కువగా ఉంది, ప్రెషర్ రావడానికి టైమ్ ఎక్కువ పడుతోంది అని మాత్రమే చెప్తుంది. ఏ రబ్బరు చిట్లింది, ఏ పైపు వదులైందన్నది మనిషి కూర్చుని వెతకాల్సిన పని. ముందు ఆ వెతికే పనికి విడిగా డబ్బు కట్టండి. పార్టుల డబ్బు సంగతి ఆ తర్వాత.

శ్రీకాకుళంలో కంప్రెసర్ మార్చినా రోగం ఎందుకు తగ్గలేదంటే, అక్కడ జరిగింది పంక్చరైన ట్యూబు అలాగే ఉంచి పంపు కొత్తది కొనడం లాంటిది. మీ బండిలో నాలుగు చక్రాల దగ్గరా ఉక్కు స్ప్రింగు బదులు గాలి నింపిన రబ్బరు తిత్తి, అంటే బెలో ఉంటుంది. ముందు వైపు బెలో, షాక్ అబ్జార్బర్ కలిపి ఒకే స్ట్రట్‌గా వస్తాయి. వెనక బెలో వేరు, షాక్ వేరు. అందుకే వెనక పని చౌక, ముందు పని ఖరీదు. ఒక కరెంటు కంప్రెసర్ గాలి కొడుతుంది, వాల్వ్ బ్లాక్ ఆ గాలిని ఏ మూలకి కావాలంటే ఆ మూలకి పంచుతుంది, ఎత్తు సెన్సర్లు చూసి చెప్తుంటాయి, కంట్రోల్ యూనిట్ వీటన్నిటినీ ఆడిస్తుంది. ఎక్కడైనా సన్నగా లీకుంటే తగ్గిన ఎత్తును సరిచేయడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరుగుతుంది. అది నిరంతరం తిరగడానికి చేసిన వస్తువు కాదు. వేడెక్కుతుంది, లోపల పిస్టన్ రింగు అరుగుతుంది, ఒక దశలో కంట్రోల్ యూనిట్టే దాన్ని ఆపేస్తుంది. అప్పుడు మెకానిక్ చూసి కంప్రెసర్ పోయింది అంటాడు. అబద్ధం కాదు, పోయింది. పోవడానికి కారణం మాత్రం ఇంకా మీ బండిలోనే ఉంది.

ఇక్కడ ఇంకో సంగతుంది, దీని గురించి చాలామంది గ్యారేజీవాళ్లు కూడా మాట్లాడరు. కంప్రెసర్ లోపల ఒక డ్రయ్యర్ ఉంటుంది, గాలిలోని తేమను పీల్చే గుళికలు అందులో ఉంటాయి. బండి ఎత్తు తగ్గించినప్పుడు లోపలి పొడిగాలి ఆ గుళికల మీదుగానే వెనక్కి వచ్చి బయటికి పోతుంది. పోతూ పోతూ వాటిలో చేరిన తేమను తీసుకుపోతుంది. అలా డ్రయ్యర్ తనంతట తాను ఆరుతుంటుంది. లీకున్న బండిలో గాలి ఆ దారిన రాదు, చిల్లులోంచే పోతుంది. లోపలికి తేమ గాలి వస్తూనే ఉంటుంది, డ్రయ్యర్ ఆరే అవకాశం ఉండదు. మన సంగతి చెప్పక్కర్లేదు, ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రం పక్కనే బతుకుతున్నాం, ఉప్పుగాలి, ఏడాదిలో సగం రోజులు ఉక్క. కొన్నాళ్లకి ఆ తేమ పైపుల్లోకి, వాల్వ్ బ్లాక్‌లోకి చేరుతుంది. గుళికలు పొడైపోతే ఆ తెల్ల పొడి వెళ్లి వాల్వుల్లో కూర్చుంటుంది. అప్పుడు వాల్వ్ సరిగా మూసుకోదు, ఇంకో లీకు తయారు. కాబట్టి విశాఖవాళ్లు వాల్వ్ బ్లాక్ కూడా రాశారంటే దానికి కారణం ఉండే ఉండొచ్చు. కానీ ఉండొచ్చు అన్నదానికి, వాళ్లు వాల్వ్ బ్లాక్‌కి రాసిన 24 వేలు ఎవరూ కట్టరు. పైపు ఊడదీసి తెల్ల పొడి చూపిస్తే, లేదా నీటి చుక్క చూపిస్తే కడతారు.

డబ్బు పెట్టకుండా మీరు ఇంటి దగ్గరే చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద సాయంత్రం బండి పెట్టండి. ఇంజిన్ ఆపి, అందరూ దిగి, చక్రం మధ్య నుంచి నిట్టనిలువుగా పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలవండి. నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. తాళం వేసేయండి. పొద్దున మళ్లీ కొలవండి, కానీ తలుపు తీయకముందే. తలుపు తీస్తే కంట్రోల్ యూనిట్ మేలుకుని ఎత్తు సరిచేయడం మొదలుపెట్టొచ్చు, అప్పుడు కొలత తప్పొస్తుంది. రాత్రి చల్లబడితే గాలి కుంచించుకుని నాలుగు మూలలా కొంచెం దిగడం మామూలే, దానికి కంగారు పడొద్దు. ఒక్క మూల మాత్రం వేలు మందమో అంతకంటే ఎక్కువో దిగిందంటే అది లీకే. ముందు రెండు మూలలూ సమానంగా దిగితే అనుమానం వాల్వ్ బ్లాక్ మీదికో పైపుల మీదికో పోవాలి. మీరు చెప్పినట్టు ఎడమ ఒక్కటే దిగుతోందంటే ఎడమ స్ట్రట్, దానికి వెళ్లే పైపు, లేదా వాల్వ్ బ్లాక్‌లో ఆ మూలకి సంబంధించిన వాల్వ్. ఈ మూడింటిలోనే ఉంది దొంగ. (ఈ లెక్క అన్ని బండ్లకీ పనికిరాదు. కొన్ని ల్యాండ్ రోవర్లు ఆపి ఉంచినప్పుడు కూడా మధ్యమధ్య మేలుకుని, దిగిన మూలకి సమానంగా మిగతావాటిని కూడా దించేసుకుంటాయి. నాలుగూ దిగాయి కదా అని నాలుగు స్ట్రట్లు మార్చిన బండ్లున్నాయి.)

కొలిచేటప్పుడు చెయ్యి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య దూర్చొద్దు. కింద దూరి చూడాలనిపిస్తుంది, అసలే దూరొద్దు. గాలి సస్పెన్షన్ బండి చెప్పాపెట్టకుండా దిగిపోతుంది. జాకీ స్టాండ్లు లేకుండా మా కుర్రాళ్లని కూడా నేను దూరనివ్వను.

ఇక గ్యారేజీలో జరగాల్సిన పరీక్ష. బండిని ఎత్తి సబ్బునీళ్లు కొట్టాలి, ఇది అందరూ చేస్తారు. చాలామంది ఒక్క ఎత్తులోనే కొట్టి వదిలేస్తారు. బెలో చిట్లేది ఎక్కువగా కింద రబ్బరు మడత పడే చోట. బండి ఒక ఎత్తులో ఉన్నప్పుడు ఆ పగులు మడత లోపలికి పోయి మూసుకుంటుంది, ఇంకో ఎత్తులో విచ్చుకుంటుంది. అందుకని మామూలు ఎత్తులో ఒకసారి, పైకి లేపి ఒకసారి, దించి ఒకసారి కొట్టి చూడాలి. మీ బండి ముందు స్ట్రట్లకి పైన దుమ్ము తొడుగు ఉంటుంది, రబ్బరు నేరుగా కనపడదు. తొడుగు కింది నుంచి నురగ మెల్లగా పొంగుతూ వస్తుంది, టార్చి వేసి ఓపిగ్గా చూడాలి. స్ట్రట్ పైన పైపు బిగించే చోట, వాల్వ్ బ్లాక్ దగ్గర పైపులు దూరే చోట కూడా చూడాలి. అప్పటికీ తేలకపోతే వాల్వ్ బ్లాక్ దగ్గర ఎడమ, కుడి పైపులు తారుమారు చేసి రాత్రంతా ఉంచుతారు. దిగే మూల కుడికి మారితే తప్పు వాల్వ్‌ది, ఎడమే దిగితే తప్పు స్ట్రట్‌దో పైపుదో. అలా తారుమారు చేసినప్పుడు సిస్టమ్ పనిచేయకుండా ఆపి ఉంచాలి, లేకపోతే ఒక వైపు లేపబోయి ఇంకో వైపు లేపుతుంది. ఇది తెలిసినవాడి చేతి పని.

ఇంత పరీక్షకి ఒక పూట కూలీ, ఒక రాత్రి బండి అక్కడ ఉంచడం. దానికి ఎంత తీసుకుంటారో ముందే అడిగి కట్టండి, బేరమాడొద్దు. పని మాకే ఇస్తే చెకింగ్ ఫ్రీ అనేవాళ్లుంటారు. ఫ్రీగా చేసిన చెకింగ్ ఖరీదు ఎస్టిమేట్‌లో ఎక్కడో ఒకచోట చేరే ఉంటుంది. డబ్బు కట్టారు కాబట్టి మీరు కాగితం అడగొచ్చు: సాయంత్రం, పొద్దున ఎత్తు కొలతలు, స్కానర్‌లో వచ్చిన కోడ్‌ల ప్రింటు, నురగ వస్తున్న చోట ఫోన్‌తో తీసిన వీడియో. ఆ కాగితం మీ చేతిలో ఉంటే పని వాళ్ల దగ్గరైనా చేయించుకోవచ్చు, ఇంకొకరి దగ్గరైనా చేయించుకోవచ్చు.

విశాఖ దాకా వెళ్లకుండా లీకు వరకు మన దగ్గరే ఎవరైనా చూడగలరా అంటే చూడగలరు. ఏసీ బస్సుల సస్పెన్షన్ మీద పనిచేసిన పాత మెకానిక్‌లకి బెలో లీకు పట్టుకోవడం కొట్టిన పిండి. బస్సులో కంప్రెసర్ ఇంజిన్ మీద తిరుగుతుంది, ఎత్తు సరిచేసే వాల్వ్ చాలావాటిలో చిన్న కడ్డీతో నడిచే మెకానికల్ వాల్వ్. కారులో అదంతా కంప్యూటర్ చేతిలో ఉంటుంది. కాబట్టి చూపించుకోండి, చేయించుకోవద్దు.

ఇప్పుడు మీరు ఫొటో పెట్టిన ఎస్టిమేట్. ముందు స్ట్రట్లు 2, ఒక్కోటి 92,000. కంప్రెసర్ 68,000. వాల్వ్ బ్లాక్ 24,000. లేబర్, క్యాలిబ్రేషన్, అలైన్‌మెంట్ కలిపి 38,000. పార్టుల మీద జీఎస్టీ 28 శాతం, లేబర్ మీద 18 శాతం, మొత్తం 3,98,120.

నా కన్ను ముందు పడింది ఆ 28 మీదే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే. పార్టుల మొత్తం 2,76,000 కాబట్టి ఈ ఒక్క గీతలో 27,600 తేడా. పాత సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోకపోయి ఉండొచ్చు, మర్యాదగా అడగండి, సరిచేస్తారు. అడిగినప్పుడు ‘బిల్లు లేకుండా అయితే ఇంకా తగ్గిస్తాం’ అన్నారనుకోండి, అక్కడి నుంచి లేచి వచ్చేయండి. బిల్లు లేకపోతే వారంటీ లేదు, రేపు గొడవైతే మీ దగ్గర చూపించడానికి చిత్తుకాగితం కూడా ఉండదు. శ్రీకాకుళంలో కంప్రెసర్‌కి మీరు 70 వేలు ఇచ్చి తెల్ల స్లిప్పు తెచ్చుకున్నారు కదా, ఇప్పుడు చూస్తున్నారుగా దాని విలువ. అయినా ఒకసారి వెళ్లి అడగండి. కొత్త కంప్రెసర్ రెండు నెలల్లో పోయిందంటే వాళ్లు వేసింది కొత్తదో కాదో కూడా తేలాలి. బాక్సు ఉందా, పార్ట్ నంబర్ ఏమిటి, కంప్రెసర్‌తో పాటు రిలే (దానికి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చి) మార్చారా? రిలే మార్చకపోతే అదొక తప్పు. పాత రిలే కాంటాక్టులు అతుక్కుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కొత్తది కూడా కాలిపోతుంది, దానితో పాటు బ్యాటరీ కూడా దిగిపోతుంది. రిలే పెద్ద ఖరీదు కాదు, ఈసారి తప్పకుండా రాయించండి.

ఎస్టిమేట్‌లో రెండో లోపం, పార్టు ఎవరిదో ఎక్కడా రాయలేదు. ‘ఫ్రంట్ స్ట్రట్’ అంటే ఏం అర్థమైనట్టు? మెర్సిడెస్ బాక్సులో వచ్చేది ఒకటి. అదే తయారీదారు తన పేరుతో అమ్మేది ఇంకొకటి, బిల్‌స్టీన్, కాంటినెంటల్ లాంటి కంపెనీలవి. వేరే కంపెనీ కొత్తగా తయారుచేసింది మూడోది. పాత స్ట్రట్‌కి కొత్త రబ్బరు తొడిగింది నాలుగోది. పేరూ ఊరూ లేనిది ఐదోది. వీటి మధ్య ధర రెండింతలు, మూడింతలు కూడా తేడా ఉంటుంది. 92 వేలకి మొదటి రెండు రకాల్లో ఏదైనా ఇస్తే నేను మాట్లాడను. నాలుగో రకం ఇస్తే మాట్లాడతాను. రబ్బరు మార్చిన స్ట్రట్‌లో షాక్ అబ్జార్బర్ మాత్రం పాతదే ఉంటుంది, లక్షా పాతిక వేలు తిరిగినది. అది ఇంకెన్నాళ్లు బతుకుతుంది? పాత బండ్లు విప్పిన చోటు నుంచి తెచ్చిన స్ట్రట్ అయితే ఊరికే ఇచ్చినా వద్దు. రబ్బరుకి వయసు కిలోమీటర్లతో కాదు, ఏళ్లతో వస్తుంది.

ఇంకొకటి చూసుకోవాలి. మీ బండికి షాక్ గట్టిదనాన్ని కూడా కంప్యూటర్ మార్చే రకం ఉందో లేదో ఛాసిస్ నంబర్‌తో తేల్చుకోవాలి. ఉంటే స్ట్రట్‌కి కరెంటు ప్లగ్ ఉంటుంది. ప్లగ్ లేని స్ట్రట్ చౌకగా దొరుకుతుంది, బోల్టులు కూడా సరిపోతాయి, బిగిస్తారు. తర్వాత మీటరు మీద లైటు ఆరదు. అధీకృత సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి ఛాసిస్ నంబర్ ఇస్తే సరైన పార్ట్ నంబర్, ధర చెప్తారు. అక్కడ చేయించుకోకపోయినా ఆ నంబర్ మీ దగ్గర ఉండాలి.

రెండు స్ట్రట్లూ మార్చాలా, ఎడమ ఒక్కటి చాలా? రూలేమీ లేదు. రెండూ ఒకే రోజు ఫ్యాక్టరీలో బిగించినవైతే రెండింటి రబ్బరుకీ ఒకే వయసు, కుడిది కూడా దారిలోనే ఉంటుంది. తొడుగు తీసి కుడి బెలో మడత చూపించమనండి. సన్నని వెంట్రుక పగుళ్లు కనపడితే రెండూ మార్చేయండి, లేబర్, అలైన్‌మెంట్ ఒకసారితో పోతాయి. నున్నగా ఉంటే ఎడమది మార్చి కుడిదాన్ని అలా ఉంచినా కొంప మునగదు. మీ బండి క్వారీకి తిరుగుతుంది కాబట్టి నా ఓటు రెండింటికీ. కంప్రెసర్, వాల్వ్ బ్లాక్ మాత్రం లీకు ఆపిన తర్వాత పరీక్షించి తేల్చాలి. కొత్త స్ట్రట్లు పెట్టాక కంప్రెసర్ ఎంత సేపటికి ప్రెషర్ తెస్తోందో స్కానర్ లైవ్ డేటాలో కనపడుతుంది, కంపెనీ ఇచ్చిన లెక్కతో పోల్చి చూడటమే. సరిపోతే ఆ 68 వేలు మీ జేబులోనే. ఆ రెండూ బాగున్నాయని తేలితే సరైన జీఎస్టీతో మీ బిల్లు రెండున్నర లక్షల చుట్టుపక్కలకి వస్తుంది.

బిగించేటప్పుడు మీరు పక్కన ఉండక్కర్లేదు గాని రెండు మాటలు అడగండి, తెలిసినవాడని వాళ్లకి అర్థమవుతుంది. ఒకటి, గాలి నింపకుండా చక్రాల మీద బరువు దించరు కదా అని. ఖాళీ బెలో మీద రెండున్నర టన్నుల బండి కూర్చుంటే మడత తప్పుగా పడి కొత్త రబ్బరు ఆ రోజే పాడవుతుంది. బయటికి ఏమీ తెలియదు, కొన్నాళ్లకి చిట్లుతుంది. రెండు, చక్రాన్ని బండికి కలిపే కింద ఆర్మ్‌ల బోల్టులు బండి నడిచే ఎత్తులో ఉండగా బిగిస్తారా అని. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే వాటిలోని రబ్బరు బుష్‌లు మెలిపడి ఉండిపోతాయి. ఆ తర్వాత ఎత్తు క్యాలిబ్రేషన్, చివర వీల్ అలైన్‌మెంట్, ఈ వరసలోనే. అలైన్‌మెంట్ ముందు చేసి ఎత్తు తర్వాత మారిస్తే చేసిన అలైన్‌మెంట్ దండగ.

డబ్బు సంగతి. పార్టులు తెప్పించాలంటే అడ్వాన్సు అడుగుతారు, అది న్యాయమే, ఇంత ఖరీదైనవి ఎవరూ స్టాకు పెట్టుకోరు. పార్టుల ఖరీదులో సగం దాకా ఇవ్వండి. గ్యారేజీ పేరున్న బ్యాంకు అకౌంట్‌కి ఇవ్వండి, మేస్త్రి సొంత యూపీఐకి కాదు. రసీదు మీద పార్ట్ నంబర్, కంపెనీ పేరు రాయించండి. ఎస్టిమేట్ దాటి ఒక్క రూపాయి పని ఉన్నా వాట్సాప్‌లో ఫొటో పెట్టి మీరు సరే అన్న తర్వాతే చేయాలని ముందే చెప్పండి. పాత పార్టులు బండిలో వేసి ఇవ్వమనండి. అది అనుమానించడం కాదు, మా దగ్గరికి వచ్చేవాళ్లు రోజూ అడుగుతారు, ఎవరూ ఏమీ అనుకోరు. మిగతా డబ్బు బండి తీసుకునేటప్పుడు. తీసుకునే ముందు ఒక రాత్రి వాళ్ల షెడ్‌లోనే ఉంచి, సాయంత్రం, పొద్దున మీరు ఇంట్లో కొలిచినట్టే కొలిపించండి. సాయంత్రం బండి రెడీ అని ఫోన్ చేస్తారు, వెంటనే బయల్దేరి తెచ్చేసుకోవాలనిపిస్తుంది. వద్దు. ఎత్తు దిగుతోందో లేదో టెక్కలిలో తెలిసేకంటే విశాఖలో తెలియడమే మేలు.

వారంటీ కాగితం మీద పార్టుకి ఎన్నాళ్లు, లేబర్‌కి ఎన్నాళ్లు, మళ్లీ పోతే బండిని అక్కడి దాకా మోసుకొచ్చే ఖర్చు ఎవరిది అన్నది రాయించండి. ఆఖరిది ఎవరూ అడగరు. టెక్కలి నుంచి విశాఖ 150 కిలోమీటర్ల పైచిలుకు, ఫ్లాట్‌బెడ్ (బండిని పైకి ఎక్కించుకుని మోసే లారీ) కిరాయి తక్కువేం కాదు.

గొడవ పడాల్సి వస్తే ఒకటి గుర్తుంచుకోండి. ఒప్పుకుని చేయించుకున్న పనికి డబ్బు ఇచ్చేదాకా బండిని ఆపే హక్కు గ్యారేజీకి ఉంది, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ అది. అందుకని బిల్లు కట్టనని మొండికేస్తే బండి అక్కడే ఉండిపోతుంది. అభ్యంతరం రాతపూర్వకంగా తెలియజేస్తూ డబ్బు కట్టి, బండి తెచ్చుకుని, తర్వాత పోరాడటం నయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం గ్యారేజీ విశాఖలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే, అంటే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. బండి మీ పేరున ఉందా, ఫర్మ్ పేరున ఉందా చూసుకోండి. వ్యాపారం కోసం వాడేదైతే మీరు వినియోగదారు కారని అవతలి లాయరు వాదిస్తాడు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే చాలా తగవులు అక్కడే తెగుతాయి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. అరిగిపోయిన రబ్బరుకి మామూలు పాలసీ ఇవ్వదు. క్వారీలో రాయి తగిలి బెలో చిరిగితే అది ప్రమాదం, క్లెయిమ్ చేయొచ్చు. అప్పుడు కూడా పాలసీలో జీరో డెప్ (అరుగుదల కింద కోత లేకుండా ఇచ్చే కవర్) లేకపోతే రబ్బరు భాగాలకి 50 శాతం కోసేస్తారు.

కాయిల్ స్ప్రింగుల మాటకొస్తే, ఖర్చు తగ్గుతుందన్నది నిజం. నాకు మాత్రం ఈ బండికి ఇష్టం లేదు. ఎత్తు సెన్సర్లు, కంట్రోల్ యూనిట్ అలాగే ఉండి స్ప్రింగులు మారితే మీటరు మీద హెచ్చరికలు పోవు. వాటిని మాయ చేయడానికి ఒక చిన్న పెట్టె బిగిస్తారు, దాంతో అసలు లోపం వచ్చినా మీకు తెలియదు. వెనక నలుగురు కూర్చుని డిక్కీలో సామాను వేస్తే బండి వెనక్కి ఒరుగుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్పులు చేయొద్దంటుంది. ఇన్సూరెన్స్ వాడికి చెప్పకుండా మారిస్తే పెద్ద యాక్సిడెంట్ అయిన రోజు అతనికి మంచి సాకు దొరుకుతుంది. పైగా అమ్మబోయేటప్పుడు తెలిసినవాడు కొనడు. అమ్మేయాలా అన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఒక మూల కూర్చున్న జీఎల్‌ని చూసి ఎవడైనా ఆ 4 లక్షలూ తగ్గించే అడుగుతాడు. ఇంజిన్, గేర్‌బాక్స్ బాగుంటే రెండున్నర పెట్టి బాగుచేసుకోవడమే నయం.

బాగుచేయించాక ఒక్క జాగ్రత్త చెప్తాను. మన దగ్గర వాటర్ సర్వీసింగ్ షెడ్లలో వానాకాలానికి ముందు తుప్పు పట్టకుండా కింద డీజిలో, వాడేసిన ఇంజిన్ ఆయిలో కొట్టే అలవాటుంది. పాత అంబాసిడర్‌కి అది సరే. బెలో రబ్బరుకి డీజిల్, ఆయిల్ విషం, రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. కుర్రాడికి ముందే చెప్పండి, వినకపోతే అక్కడే నిలబడండి. బెలో మడతల్లో గ్రానైట్ పొడి, సన్న రాళ్లు చేరి రబ్బరుని రుద్దేస్తాయి. క్వారీ నుంచి వచ్చినప్పుడల్లా బండిని పై ఎత్తులో పెట్టి మామూలు నీళ్లతో కడగాలి, మరీ దగ్గరి నుంచి ప్రెషర్ గన్ పెట్టకుండా.

ఇప్పుడున్న స్థితిలో బండి నడుపుకుని విశాఖ వెళ్లొచ్చా అని చివర్లో అడిగారు. ఎర్ర హెచ్చరిక వచ్చిందంటే వద్దు. దిగిన మూల టైరు మడ్‌గార్డ్ లోపలి తొడుగుకి రుద్దుకుంటుంది, బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది, హైవే మీద ఆ ప్రయోగం అక్కర్లేదు. ఫ్లాట్‌బెడ్ మీద పంపండి, కొక్కెం వేసి లాగే బండి వద్దు. ఎక్కించే ముందే డ్రైవర్‌కి చెప్పండి, ముందు బంపర్ నేలకి దగ్గరగా ఉంది, ర్యాంపు కింద చెక్కలు వేసి వాలు తగ్గించాలని. బెల్టులు చక్రాలకి వేయాలి, బాడీకి కాదు. బాడీకి బిగిస్తే దారిలో గాలి ఇంకాస్త దిగి బెల్టులు వదులైపోతాయి, నాతవలస టోల్ దగ్గర ఆగినప్పుడు ఒకసారి దిగి చూడమనండి. పార్టులు వచ్చేదాకా క్వారీకి ఇంట్లో ఉన్న బొలెరో వాడండి.